పండగ ముందురోజు పని

ఆషాఢ శుద్ధ దశమి

ఈ చిట్టాలో నిజం మాత్రమే రాయాలని మొదటి పేజీలో అచ్చు వేసి ఉంది కాబట్టి రాస్తున్నాను: మెరక పట్నం వాళ్లకి బుద్ధి లేదు.

పది రోజుల కిందట మా ఏడో గేటు మోటారు కాలిపోతే వాళ్లు కొత్తది పంపారు. మోటారుకి వంక పెట్టను, నిక్షేపంలా ఉంది. దానితో పాటు కాపరికి కొత్త కోడ్ కూడా పంపారు. గట్టులంక చుట్టూ ఉన్న పన్నెండు గేట్లనీ, ఊళ్లో నీళ్లు తోడే పంపులనీ చూసుకునే ఆపరేటింగ్ సిస్టం పేరు కాపరి. పోటు వేళ సముద్రం మా గుమ్మాలకన్నా ఆరడుగులు ఎత్తులో ఉంటుంది కాబట్టి, అది ఒక్క పూట పడుకుంటే మేము మునుగుతాం. ఇప్పుడున్న కాపరికి కొత్త మోటారుతో మాట్లాడటం రాదు. వాళ్లు పంపిన కోడ్‌ని నేను ఈ గదిలో కంపైల్ చేసి, అంటే యంత్రానికి మింగుడుపడేలా చేసి, ఎక్కించాలి. పద్ధెనిమిదేళ్లుగా నా ఉద్యోగం అదే.

పొద్దున ఆరింటికి మొదలుపెట్టాను. పని మొదలయ్యే ముందు యంత్రం ఎప్పుడూ అడిగేది ఒకటే, ఆ పని చేసే కంపైలర్ ఎన్నో వెర్షన్ అని. పదకొండు కావాలి. మాది పదకొండే. సరేనని ముందుకెళ్లింది. పదిన్నరకి ఆగింది. రెండు లక్షల ఇరవై వేల నాలుగు వందల పద్ధెనిమిదో లైనులో సెమీకోలన్ లేదట. వెళ్లి చూశాను. ఉంది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. చుక్కా, దాని కింద కామా, రెండూ ఉన్నాయి.

ఉన్నది కూడా లేదనిపించేలా కోడ్ రాసిన మహానుభావులెవరో వాళ్లకి నా నమస్కారం.

ఫలితం: విఫలం. కారణం: మెరక వాళ్ల నిర్లక్ష్యం.

శుద్ధ ద్వాదశి

నాలుగుసార్లు మొదలుపెట్టాను, నాలుగు చోట్ల ఆగింది. ఒకసారి కుండలీకరణం ఎక్కువైందంటుంది, ఒకసారి ఆ మాట తనకి తెలియదంటుంది. మధ్యాహ్నం రేడియోలో మెరక ఇంజనీరు హిమజని పట్టుకుని కడిగేశాను.

"మా దగ్గర పదకొండో కంపైలర్‌తో ఒక్క తప్పు కూడా లేకుండా వచ్చిందండీ," అంది ఆ పిల్ల, తాపీగా. "మీది పదకొండేనా?"

"పదకొండే. నా కళ్ల ముందు కనిపిస్తోంది."

"అయితే మీ యంత్రం ఒకసారి ఆపి మళ్లీ వేసి చూడండి."

ఆపి వెయ్యాలట. నేను ఈ గదిలో చేరేనాటికి ఆ పిల్లకి పాలపళ్లు కూడా ఊడి ఉండవు.

ఈలోగా ఏడో గేటుని రోజుకి రెండుసార్లు, పోటు వచ్చినప్పుడల్లా, చేత్తో దించుతున్నారు. చక్రం మూడు వందల నలభై చుట్లు తిప్పాలి. పదహారు మంది మార్చి మార్చి తిప్పుతారు. ఆ జట్టుకి పెద్ద బైరాగి అన్న. మెరకకి సామాను పడవ నడిపేది ఆయనే, మా పక్కిల్లే. అరవై దాటినా మొదటి వంద చుట్లూ తనే తిప్పుతాడు. పోతూ పోతూ ఈ గదిలోకి తొంగిచూశాడు.

"ఏం సెల్లెమ్మా, అయిందా?"

"అవలేదన్నా. మెరక వాళ్లని అడుగు."

"ఆళ్లు బానే పంపేరు గదా. నేనే గదా మోసుకొచ్చేను."

ఫలితం: విఫలం. కారణం: పైదే.

పౌర్ణమి

ఇవాళ గేటు పూర్తిగా దిగేలోపే పోటు గడప మీదుగా రెండంగుళాలు పొర్లింది. చక్రం తిప్పేవాళ్లు ఆలస్యం చెయ్యలేదు. చేతులతో అంతకన్నా వేగంగా దించలేరు, అంతే.

సాయంత్రం గట్టు సంఘం కార్యదర్శి దంగేటి సుందరరామం గారు నోటీసు అంటించారు. అమావాస్య పోటు ఈ ఏడాదికల్లా పెద్దది. ఆ రోజు పొద్దున ఆరింటికల్లా కొత్త కాపరి ఎక్కకపోతే, లోపలి గట్టు దగ్గర చెక్క పలకలు దించి ఏడో వీధిని వదిలేస్తారు. ఏడో వీధి బయటి గట్టుకీ లోపలి గట్టుకీ మధ్య పల్లంలో ఉంది. అరవై రెండు ఇళ్లు. మూడోది నాది, నాలుగోది బైరాగి అన్నది. మమ్మల్ని 'తాత్కాలికంగా' బడి షెడ్లలో పెడతారట. తొమ్మిదేళ్ల కిందట అయిదో వీధిని కూడా తాత్కాలికంగానే ఖాళీ చేయించారు. ఇప్పుడు అక్కడ కొయ్యింగ చేపలు తిరుగుతున్నాయి.

నోటీసు కింద ఇంకో ముక్క ఉంది, 'కంపైలర్ గది వైఫల్యం వలన' అని. గది విఫలమైందట. గదిలో ఉన్న మనిషి పేరు రాయడానికి మర్యాద అడ్డొచ్చింది కాబోలు.

ఏడుసార్లు ప్రయత్నించాను. ఫలితం: విఫలం. కారణం: తెలియదు. ఈ మాట రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

బహుళ తదియ

తెలిసింది.

ఊరి వాళ్లందరికీ తెలిసిన సంగతే అయినా వివరంగా రాస్తున్నాను, చిట్టా చదివేది మెరక వాళ్లు కాబట్టి. మా లంకలో పడవని పాతది అనరు. అంటే అది అలుగుతుందని, అలిగిన పడవ నడిసముద్రంలో చెయ్యిస్తుందని నమ్మకం. 'పెద్ద పడవ' అంటారు. ఏటా శ్రావణ పాడ్యమినాడు కొత్తంకె పండగ చేస్తాం. పడవ ముక్కు మీద ఉన్న అంకె మీద రంగు వేసి, దాని మీద కొత్త ఏడాది అంకె రాస్తాం. గట్టులంకకి ఇది నలభై ఒకటో ఏడు కాబట్టి ఊళ్లో ప్రతి పడవకీ నలభై ఒకటే. పడవలకే కాదు, రంపాలకీ, పంపులకీ కూడా అంతే. కంపైలర్‌కి మాత్రం ఆ ఏడు మెరక నుంచి వచ్చిన వెర్షన్ అంకె వేస్తాం.

పొద్దున బైరాగి అన్న తన పడవని ఒడ్డుకి లాగి ముక్కు దగ్గర రంగు గీకుతున్నాడు. చెమ్మ పట్టిందట. నేను మనసు బాగోక అక్కడ కూర్చున్నాను. నలభై ఒకటి ఊడింది, దాని కింద నలభై కనిపించింది. దాని కింద ముప్ఫై తొమ్మిది. పెచ్చులు రాలుతూనే ఉన్నాయి. ఇరవై ఆరు దాకా వెళ్లి కర్ర బయటపడింది. బైరాగి అన్న గోరుతో నొక్కితే గోరు దిగింది.

"నలభై ఒకటని రాసుందిగా అన్నా, మెత్తబడిందేం?" అన్నాను నవ్వులాటకి.

"అంకె మనం ఏసుకుంటాం సెల్లెమ్మా. కర్ర వయసు కర్రకుంటాది," అన్నాడు గీకుతూనే.

నేను లేచి గదికి పరుగెత్తాను. యాభై రెండేళ్ల మనిషి అలా పరుగెత్తడం చూసి వీధిలో వాళ్లు గేటు పోయిందనుకున్నారట. కంపైలర్ పరిమాణం చూశాను. ఈ ఏడాది ఎంతో, నిరుడూ అంతే. ఏడేళ్ల కిందటా అంతే. ఒక్క అక్షరం పెరగలేదు, తరగలేదు. పూజ అర దగ్గరికి వెళ్లాను. మెరక నుంచి ఏటా వచ్చే కంపైలర్ పొట్లాలు ఏడూ వరసగా ఉన్నాయి. అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు. ప్రతిదానికీ పసుపు, కుంకుమ, ఎండిన బంతిపువ్వు. ఒక్కదానికీ పురికొస ముడి విప్పలేదు.

మేము ఏడేళ్లుగా నాలుగో కంపైలర్ ముఖాన పదకొండని రాసి దాన్ని కొలుస్తున్నాం. కొత్త కోడ్‌లో కొత్త మాటలున్నాయి. దానికవి తెలియవు. తెలియదని చెప్పడం కూడా చేతకాక సెమీకోలన్ మీద తోసేసింది. ఇన్నేళ్లూ కాపరిలో చిన్న చిన్న మార్పులే వచ్చాయి కాబట్టి గుట్టు నిలిచింది.

నాకు ముందు ఈ గదిలో సోములు మాస్టారు ఉండేవారు. నేను ఆయన దగ్గర పదకొండేళ్లు పనిచేశాను. పండగ ముందురోజు ఆయన తెల్లవారకముందే తలుపు గడియ వేసుకుని, రాత్రి పొద్దుపోయాక మెడ పట్టుకుంటూ బయటికి వచ్చేవారు. దుమ్ము దులుపుతున్నారనుకునేదాన్ని. ఆయన పోయి ఏడేళ్లు. పొట్లం వచ్చిందని సామాన్ల గది వాళ్లు పుస్తకంలో రాస్తారు, సుందరరామం గారు హారతి పడతారు, నేను అంకె మారుస్తాను. లోపల ఎక్కించే పని ఎవరో చేశారని అందరూ అనుకున్నాం. పండగ మిగిలింది, పండగ ముందురోజు పని పోయింది.

నాకెవరు చెప్పారు? ఎవరైనా ఒక్క ముక్క చెప్పారా?

కారణం: సామాన్ల గది. కార్యదర్శి. చచ్చి ఏ లోకాన ఉన్నాడో ఆ సోములు మాస్టారు.

బహుళ చవితి

దారి ఉంది. నాలుగుతో అయిదుని కంపైల్ చెయ్యాలి, అయిదుతో ఆరుని, అలా పదకొండు దాకా. దాటవేయడానికి లేదు, ప్రతిదీ తన ముందుదాని భాషలో రాసి ఉంది. ఒక్కోదానికి పద్ధెనిమిది గంటలు. ఆపైన కాపరికి ఇరవై. మొత్తం ఆరు రోజుల చిల్లర. అమావాస్యకి పదకొండు రోజులుంది. పొట్లాలు విప్పడానికి కార్యదర్శి సంతకం కావాలి.

"మన కంపైలర్ పాతదండీ," అన్నాను.

సుందరరామం గారు ఆ మాట విని కుర్చీలో వెనక్కి జరిగారు. "పండగ నెల పెట్టుకుని ఆ మాటేమిటి పేరంటాలు గారూ? పెద్దది అనండి."

"పెద్దదైతే మరీ మంచిది. విప్పమంటారా?"

"ఏడేళ్ల తనిఖీ పుస్తకాల్లో వెర్షన్ సరిగ్గా ఉందని నా సంతకం ఉంది. ఇప్పుడు లేదంటే మెరక వాళ్లేమనుకుంటారు? మీ ఇల్లు ఏడో వీధిలో ఉంది కాబట్టి మీకు ఆత్రం సహజం. సంఘం కూర్చున్నప్పుడు మాట్లాడదాం."

సంఘం ఎప్పుడు కూర్చుంటుందని అడిగాను. పండగ అయ్యాకట. అంటే మా ఇళ్లు మునిగిన మర్నాడు.

బహుళ సప్తమి

మూడు రోజులు సుందరరామం గారి వరండాలో నిలబడ్డాను. తినడానికి వెళ్లారన్నారు, నీటి కొలతకి వెళ్లారన్నారు. నేను నిలబడే ఉన్నాను. ఆ మూడు రోజుల్లో యంత్రం ఊరికే పడి ఉంది. చక్రం ఆపే ఇనప నాలిక అరిగింది, మార్చాలని జట్టు పెట్టిన అర్జీ కూడా ఆయన సంతకం లేక అక్కడే పడి ఉంది.

ఇవాళ పొద్దున ఆ నాలిక జారింది. చక్రం వెనక్కి తిరిగి బైరాగి అన్న కుడిచెయ్యి పళ్లలోకి వెళ్లిపోయింది. రెండు వేళ్లు తీసేశారు, చూపుడువేలూ మధ్యవేలూ. ఆస్పత్రి గుమ్మంలో ఆయన భార్య సత్తెమ్మ వదిన ఆ చెయ్యి కట్టిన గుడ్డనే చూస్తూ కూర్చుంది. ఏడవలేదు.

సుందరరామం గారు పరామర్శకి వచ్చారు. నన్ను పక్కకి పిలిచి, గొంతు తగ్గించి ఇలా అన్నారు: "మీరు ఆ మాట అన్నారు. మూడు రోజుల్లో ఏమైందో చూశారుగా."

నాకు ఒళ్లు మండిపోయింది. నేను ఆ మాట అన్నందుకు కాదు, ఆయన సంతకం పెట్టకుండా తిరిగిన మూడు రోజులకి ఆ వేళ్లు పోయాయి. ఇదే ఆయన ముఖం మీద చెప్పాను. ఆస్పత్రిలో అందరూ విన్నారు.

గాయానికి కారణం అని ఈ పేజీలో ఒక గడి ఉంది. ఇవాళ నింపను.

బహుళ అష్టమి

సంతకం లేదు. పొద్దున ఆరింటికి మొదలుపెట్టాను.

అయిదో పొట్లం విప్పితే బంతిపువ్వు పొడి ఒళ్లో పడింది. ఎక్కించాను. వెంటనే ఆగింది. 'ముందున్న కంపైలర్ పదకొండు. నేను అయిదు. నా అవసరం లేదు' అంటుంది. మేము రాసిన అంకెనే అది నమ్మింది. నిజం అంకె రాస్తే తప్ప కదలదు. ఈ లంకలో ఏ పనిముట్టుకీ ఎవరూ అంకె వెనక్కి రాయలేదు. నాకు అలాంటి నమ్మకాలు లేవనుకునేదాన్ని. తీరా మీట మీద వేలు పెడితే వేలు దిగలేదు.

చెయ్యి మెడకి కట్టుకుని బైరాగి అన్న అక్కడే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆస్పత్రిలో ఉండమంటే ఉండలేదు.

"ఏటి సూత్తన్నావ్?"

"ఏమన్నా అవుతుందేమోనని."

ఆయన కట్టు కట్టిన చెయ్యి కొంచెం ఎత్తి చూపించాడు. "ఇంకేటవుద్ది? ఎయ్యి."

నాలుగు అని వేశాను. అయిదు కదిలింది.

బహుళ ద్వాదశి

ఎనిమిది దాకా నల్లేరు మీద నడకలా సాగింది. ఒక్క సెమీకోలన్ గొడవ లేదు. నిన్న సాయంత్రం నాలుగింటికి, తొమ్మిదో కంపైలర్ పని పది గంటలు నడిచాక, గదికి కరెంటు పోయింది. అడిగితే 'అనుమతి లేని వినియోగం' అన్నారు. పది గంటల పని గంగలో కలిసింది.

ఇవాళ తెల్లవారకముందే సత్తెమ్మ వదిన ఏడో వీధి ఆడవాళ్లందరినీ వెంటేసుకుని సంఘం ఆఫీసుకి వెళ్లింది. నేనూ వెళ్లాను. వదిన కొంగులోంచి అరవై రెండు ఇళ్ల కరెంటు కార్డులు తీసి సుందరరామం గారి బల్ల మీద పెట్టింది.

"ఇవి మాయి అండి. మాకు ఫాన్లొద్దు, లైట్లొద్దు. మా కరెంటంతా ఆ గదికియ్యండి."

"అలా బదిలీ చేసే పద్ధతి లేదమ్మా," అన్నారాయన.

"మా ఆయన ఏళ్లు తీసేటప్పుడు ఏ పద్ధతుందండి?"

ఆయన కార్డులు లెక్కపెట్టలేదు. గుమాస్తాకి సైగ చేశారు. పొద్దున ఆరింటికల్లా కరెంటు వచ్చింది. తొమ్మిదిని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. మొత్తం ఒక రోజు పోయింది. ఇక అమావాస్య పొద్దున ఎనిమిదికి గానీ కాపరి తయారవదు. పోటు తొమ్మిది గంటల పది నిమిషాలకి. పలకలు దించేది ఆరింటికి.

మా వీధి ఇక మూడు రోజులు ఉక్కలో మగ్గాలి. ఒక్కరు కూడా నన్ను ఎప్పుడవుతుందని అడగలేదు. అడిగితే బాగుండేది.

అమావాస్య

ఆరింటికి పలకలు దించడానికి మనుషులు వచ్చారు. సత్తెమ్మ వదిన పలకల దొంతర మీద కూర్చుని ఉంది. పక్కన మిగతా ఆడవాళ్లు. సుందరరామం గారు గడియారం చూసుకుంటూ, ఎనిమిదిన్నర దాకా అన్నారు. అంతకన్నా ఒక్క నిమిషం ఇవ్వనన్నారు.

నేను గదిలోనే ఉన్నాను కాబట్టి అదంతా తరవాత విన్నదే. నేను చూసింది లైన్లు మాత్రమే. రెండు లక్షల ఇరవై వేల నాలుగు వందల పద్ధెనిమిదో లైను నిన్ననే దాటిపోయింది, కనీసం తెలియను కూడా తెలియలేదు. ఎనిమిదీ పన్నెండుకి 'తయారు' అని వచ్చింది. ఎక్కించి గేటు దగ్గరికి వెళ్లాను.

చక్రం జట్టు పదహారు మందీ చక్రం పట్టుకునే ఉన్నారు. వాళ్లకి నమ్మకం లేదు, నాకూ లేదు. నీళ్లు గేటు మొదట్లో గీత తాకాయి. మోటారు ఒక్కసారి దగ్గి తిరగడం మొదలుపెట్టింది. ఏడో గేటు తనంతట తాను దిగింది. పదహారు మందీ చక్రం వదిలేసి దూరం జరిగారు. బైరాగి అన్న ఎడమచెయ్యి మాత్రం గాలిలో ఇంకా తిప్పుతున్నట్టే ఆడుతోంది. తొమ్మిదీ పదికి సముద్రం బయట నిలబడింది, మా వీధి పొడిగా ఉంది. నేను అక్కడే గట్టు మీద కూర్చుని గట్టిగా ఏడ్చాను.

పదకొండింటికి సుందరరామం గారు శాలువాతో వచ్చారు. బైరాగి అన్నకి కప్పారు, ఫొటో తీయించారు. శాలువా జారిపోతుంటే అన్న పట్టుకోలేకపోయాడు. తరవాత కార్యదర్శి గారు నాతో ఈ గదికి వచ్చి, చిట్టాలో ఏం రాయాలో చెప్పారు. 'మోటారు మార్పిడిలో సహజ జాప్యం. గాయం: చక్రం జారడం.' అంతే రాస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదట, మీకు కూడా అన్నారు. ఆ 'మీకు కూడా' దగ్గర కాస్త ఆగారు. మనిషి తెలివితక్కువవాడు కాదు.

బైరాగి అన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పన్నెండో పొట్లం పడవ దిగింది, ఎడం చంకలో పెట్టుకుని తెచ్చాడు. రేపే కొత్తంకె పండగ. ఆయన ముందు పాడ్యమి, హారతి, అంకె అన్నీ గుర్తొచ్చాయి. ఏడేళ్లు, ఏడుసార్లు, ఈ చేత్తోనే అంకె మార్చాను. ఒక్కసారి కూడా లోపల చూడలేదు. పద్ధెనిమిదేళ్ల అనుభవం అని మెరక పిల్ల మీద అరిచాను.

"అన్నా, అవి విప్పాల్సింది నేనే," అన్నాను.

"తెల్సు."

"నీ వేళ్లు..."

"ఆయ్. పోయేయి." పొట్లం బల్ల మీద పెట్టాడు. "మోసింది నేను. ఏడేళ్లూ. లోపలేటుందని ఒక్కసారీ అడగలేదు. రాసెయ్ సెల్లెమ్మా. రాయకపోతే రేపు ఇంకోడి సెయ్యి."

ఓదారుస్తాడనుకున్నాను. ఓదార్చలేదు, వెళ్లి స్టూలు మీద కూర్చున్నాడు. తన పడవ ముక్కు మీద రేపు ఇరవై ఆరని రాస్తాడట, ఎడమచేత్తో.

ఫలితం: కాపరి ఎక్కింది. ఏడో గేటు దిగింది. ఏడో వీధి ఉంది.

గాయానికి కారణం: మూడు రోజులు సంతకం పెట్టని కార్యదర్శి దంగేటి సుందరరామం. అంతకు ముందు ఏడేళ్లు పొట్లం విప్పని ఓలేటి పేరంటాలు.

పన్నెండో పొట్లం ముడి విప్పుతున్నాను. వీధిలోంచి సత్తెమ్మ వదిన, ఇంకో నలుగురు వచ్చి ఏం చేస్తున్నావని అడిగారు. చూడమన్నాను. ఇది సోములు మాస్టారు పనే గానీ, తలుపుకి గడియ వెయ్యలేదు.